కయాకా, చదును పడవా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. విద్యనుగూర్చియు, గ్రంథములనుగూర్చియు చెప్పదగిన పెద్దలు ఈ వేదికపై ఉన్నారు. నేను పడవనుగూర్చి మాటలాడెదను. గ్రంథాలయసభలో పడవ ప్రసంగమేమి అని కొందరికి తోచవచ్చును. కాని ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు పడవ పరాయిది కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవకెక్కించి కృష్ణా డెల్టా కాలువ వెంట ఊరూరికి పంపిరి. చదువరి పుస్తకమువద్దకు రాలేనిచోట పుస్తకమే నీటిమీద చదువరివద్దకు పోయెను. నేడు పడవయే గ్రంథాలయమునకు వచ్చినది. అంతే భేదము.

కారణము చెప్పెదను. కొన్ని నెలల క్రిందట ఒక సాయంకాలము నేను మన పఠనమందిరములో పత్రిక చూచుచుండగా, ఊరి యువకుడొకడు వచ్చి నా ప్రక్కన కూర్చుండెను. తాతతండ్రులనాటినుండి కొల్లేటిలో చేపల వేటచేసి బ్రతికిన కుటుంబమువాడు. అతడు తన ఫోనులో ఒక బొమ్మ చూపెను. పసుపుపచ్చని ప్లాస్టిక్ పడవ. నీటికి జానెడెత్తున కూర్చుండి, రెండు కొనలయందును రెక్కలున్న తెడ్డుతో ఒకడు దానిని నడుపుచున్నాడు. వెనుక రెండు గాలపు కర్రలు నిలిపియున్నవి.

"తాతగారూ, దీన్ని కయాక్ అంటారు. ఒక్కడే మోసుకుపోవచ్చట. ఇది కొనమంటారా, చెక్కతో చదును పడవ చేయించుకోమంటారా? నా దగ్గరున్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది" అనెను.

ఆ డబ్బు ఎట్టిదో నేనెరుగుదును. రెండేండ్లు చేపల చెరువులమీద కూలిచేసి అతడు కూడబెట్టినది కొంత. తల్లి చెవిదుద్దులు కుదువబెట్టి తెచ్చినది కొంత. అట్టి డబ్బునుగూర్చి నోటికి వచ్చిన సలహా చెప్పరాదు. "చదివి, చూచి, ఆలోచించి చెబుతాను బాబూ" అంటిని. చదువగలిగినది చదివితిని. చెరువుల గట్లమీదికి పోయి పడవలను కొలిచితిని. వేటలో తల పండిన పెద్దలను అడిగితిని. ఇదే సందేహము మరి నలుగురైదుగురు యువకులకును కలదని తరువాత తెలిసినది. కావున ఆ సమాధానమును ఈ సభలోనే చెప్పుచున్నాను.

ముందుగా ఈ కయాకు ఎక్కడిదో తెలిసికొందము. గ్రీన్లాండు, ఉత్తర కెనడా, అలాస్కా తీరములందు మంచు నడుమ జీవించు ఇన్యూట్ జనులును, వారికి దాపున నివసించు ఇతర తీరవాసులును దీనిని సృష్టించిరి. ఆ దేశమున చెట్లు మిక్కిలి అరుదు. సముద్రము కొట్టుకొనివచ్చిన కొయ్యతోను, ఎముకతోను చట్రము కట్టి, దానిపై సీలు అను సముద్రజంతువు చర్మమును బిగించి కుట్టెడివారు. పైభాగము కూడ చర్మముతో మూసి, మనిషి నడుము పట్టునంత రంధ్రము మాత్రము విడిచెడివారు. వేటగాడు అందులో కూర్చుండి, తాను తొడిగిన చర్మపు అంగీని ఆ రంధ్రపు అంచుకు బిగించినచో లోనికి నీరు రాదు. పడవ బోర్లపడినను, నేర్పుగలవాడు తెడ్డును నీటిపై వత్తి, పడవతోసహా తిరిగి పైకి లేచును. ఎవని పడవను వాని కాలి పొడవునకు, నడుము చుట్టుకొలతకు సరిపడునట్లు చేసికొనెడివారు. అది పడవ అనుటకంటె ఒంటికి కుట్టించుకొన్న చొక్కా అనుట సమంజసము. సీలును చప్పుడు చేయక సమీపించుటయే దాని ముఖ్య ప్రయోజనము.

ఇచ్చట మనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ జనులే ఉమియాకు అను మరియొక పడవను కూడ చేసికొనిరి. అది పెద్దది, పైన తెరచియున్నది, అడుగు చదునైనది. కుటుంబము, కుక్కలు, గుడారము, సామగ్రి ఒకచోటినుండి మరియొకచోటికి పోవలెనన్న ఉమియాకే. గ్రీన్లాండులో దానిని స్త్రీలు నడిపెడివారు. కయాకును కనిపెట్టినవారే కయాకుతో అన్ని పనులును కావని ఎరిగియుండిరి. వేటగాని ఒంటరి పయనమునకు ఒకటి, బరువునకు, బలగమునకు మరియొకటి. మన ప్రశ్నకు సగము సమాధానము వారే ఇచ్చిరి.

ఇప్పుడు అంగడిలో దొరకు వేటకయాకు చర్మపుది కాదు. ప్లాస్టిక్కును అచ్చులో కరగించి పోసినది. పెక్కింటిలో మనిషి లోపల కాక పైననే కూర్చుండును. పైకి వచ్చిన నీరు పడవలోని రంధ్రముల గుండ క్రిందికి జారిపోవును. పొడవు 3 మొదలు 4 మీటర్లు, వెడల్పు ఇంచుమించు 75 సెంటీమీటర్లు, ఒక్కొక్క రకమున 90 సెంటీమీటర్ల వరకు. బరువు 25 నుండి 45 కిలోల వరకు. చక్కని వస్తువు. దానిని నేను నిందింపను.

ఇక చదును పడవ. దీనికి మనదేశమున బంధువులు పెక్కురు. శ్రీశైలము, నాగార్జునసాగరము జలాశయములందు జాలరులు వేయు పుట్టి గుండ్రనిది, అడుగు చదునైనది. వెదురుబద్దలతో అల్లి, పూర్వము తోలుతోను, నేడు తారుపూసిన ప్లాస్టిక్ పట్టాతోను కప్పుదురు. మన తూర్పుతీరమున పెద్ద అలలను దాటి ఓడలవద్దకు సరకు చేర్చిన మసులా పడవయు చదునడుగుదే. దానికి మేకులు లేవు. పలకలను కొబ్బరిత్రాటితో కుట్టెడివారు. అల కొట్టినప్పుడు విరుగక వంగునట్లు అది ఏర్పాటు. చీనాదేశపు సంపాను అను మాటకు మూడు పలకలు అని అర్థము చెప్పుదురు. అడుగున ఒకటి, ప్రక్కల రెండు. అంత తేలికయైన నిర్మాణము. మన చేపల చెరువులలో తవుడు, చెక్క నింపిన మేతసంచులను గుంజలకు కట్టుటకు తిరుగు పడవలును ఈ జాతివే.

మరి కయాకునకు మనయొద్ద బంధువు లేదా? ఉన్నది. మన తాటిదోనె. తాటిమానును చీల్చి, తొలిచి చేసినది, సన్ననిది, నీటికి దగ్గరగా ఉండునది. గుర్రపుడెక్కను, తూటికాడను చీల్చుకొని సన్నని దారిలో దూరిపోవునది. కావున నేడు యువకులు కొత్తదనుకొను ప్రశ్న నిజమునకు పాతదే. దోనెయా, చదును పడవయా అని మన తాతలు తమలో తాము అడిగికొన్న ప్రశ్నయే.

ఇప్పుడు కొంచెము లెక్క చూతము. పిల్లలు శ్రద్ధగా వినవలెను. తన క్రింద తొలగిన నీటి బరువెంతయో అంత బరువును పడవ మోయునని ఆర్కిమిడీసు సూత్రము. ఒక చదరపు మీటరు వైశాల్యమున ఒక సెంటీమీటరు లోతు మంచినీరు 10 కిలోలు తూగును. కావున పడవ నీటిని తాకు వైశాల్యము తెలిసినచో, ఎంత బరువునకు ఎంత దిగునో ఎవరైనను గట్టుమీదనే లెక్కింపవచ్చును.

మూడున్నర మీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు గల కయాకునకు రెండు కొనలును సన్నగిలును గనుక, నీటిని తాకు వైశాల్యము 1.8 చదరపు మీటర్లు అనుకొందము. అది ప్రతి 18 కిలోలకు ఒక సెంటీమీటరు దిగును. అంతే పొడవు, 1.2 మీటర్ల వెడల్పు గల చదును పడవకు ముందుకొన కొంత సన్నగిలినను 3.6 చదరపు మీటర్లుండును. అది ప్రతి 36 కిలోలకు ఒక సెంటీమీటరు దిగును. ఇప్పుడు 60 కిలోల మనిషి, 30 కిలోల తడిసిన వల, 60 కిలోల చేప, మంచుపెట్టె, నీళ్ళకుండ మొదలగునవి మరి 30 కిలోలు, మొత్తము 180 కిలోలు వేయుదము. చదును పడవ 5 సెంటీమీటర్లు దిగును. కయాకు 10 సెంటీమీటర్లు దిగును. నీటికి జానెడెత్తున్న పడవ 10 సెంటీమీటర్లు దిగినచో మిగిలినదేమి? ఒంటరి కయాకులలో పెక్కింటికి తయారుచేయువారు చెప్పు పరిమితి 130 నుండి 200 కిలోల వరకు మాత్రమే. పరిమితి అనగా అంతవరకు నింపుమని కాదు, అది దాటిన ప్రమాదమని.

రెండవ లెక్క ఒరుగుటనుగూర్చి. పొడవు సమానమైనచో, పడవ మొదట ఒరుగుటకు ఇష్టపడని గుణము వెడల్పు ఘనమును బట్టి పెరుగును. 1.2 మీటర్ల వెడల్పు 75 సెంటీమీటర్లకు 1.6 రెట్లు. 1.6ను మూడుమార్లు గుణించినచో నాలుగుకు కొంచెము పైన వచ్చును. అనగా చదును పడవ కయాకునకు ఇంచుమించు నాలుగు రెట్లు గట్టిగా నిలుచును. దీనికి తోడు మనిషి భంగిమ. కయాకులో కూర్చున్నంతసేపు బరువు క్రిందనుండును గనుక క్షేమము. నిలుచున్నచో బరువు పైకి పోవును. విసురువల వేయువాడు కూర్చుండి వేయలేడు. దించిన వలను లాగువాడు ఒక ప్రక్కకు వంగక లాగలేడు.

ఈ లెక్కలు నేను పెద్దవాడనైన తరువాత నేర్చినవి. వీని సారము మాత్రము నాకు పండ్రెండవ యేటనే నీరు నేర్పినది. మన్నించినచో చెప్పెదను.

అప్పుడు నేను అమ్మమ్మగారి ఊరిలో ఉంటిని. ఆశ్వయుజమాసము. కొల్లేరు నిండుగా ఉన్నది. తెల్లవారుజామున వేసిన వలను తీయుటకు మా మేనమామ సాయంకాలము దోనె కట్టెను. నేనును వచ్చెదనని ఏడ్చితిని. "ఒరేయ్ అల్లుడూ, కదలకుండా కూర్చుంటానంటే రా" అని ఎక్కించుకొనెను. పోవునప్పుడు దోనె పాము వలె జారిపోయెను. నాకు అంతకంటె మంచి పడవ లోకమున లేదనిపించెను. వలవద్ద మామ ఒక ప్రక్కకు వంగి లాగసాగెను. చేప బాగుగ పడినది. తెల్లగా మెరయు చేపలను చూచి నేను మాట మరచి, లేచి అదే ప్రక్కకు వంగితిని. అదే నిమిషమున పడమటినుండి గాలివిసురు వచ్చెను. దోనె ఒకమారు ఊగి, నీరు నింపుకొని, బోర్లపడెను.

నీటిలోతు మామ గడ్డము వరకే. కాని అడుగున మోకాలిబంటి బురద. కాలు దిగినచో రాదు. వల నా పాదమునకు చుట్టుకొన్నది. మామ మొలనున్న కత్తితో వలను కోసెను. నన్నెత్తి బోర్లపడిన దోనెమీద పడుకొనబెట్టి, తాను దాని అంచు పట్టుకొని, చీకటి పడువరకు కేకలు వేయుచుండెను. చివరకు వేరొక దోనె వచ్చి మమ్ము చేర్చెను. ఆ వల అప్పుచేసి కొన్న నూలుతో ఆ ఇంటి ఆడవారు ఆరునెలలు అల్లినది. మా అమ్మమ్మ వల మాటయే ఎత్తలేదు. నా తల తుడుచుచు, "వల మళ్ళీ అల్లుకోవచ్చురా" అని మాత్రము అనెను. ఆ అప్పు తీరుటకు రెండేండ్లు పట్టెనని తరువాత మామ చెప్పగా వింటిని.

దోషము దోనెది కాదు. ఒక్కడు కూర్చుండి పోవలసిన పడవలో ఇద్దరము ఎక్కి, ఒకే ప్రక్కకు వంగి, బరువు లాగితిమి. పోవునప్పుడు దానివలె మంచి పడవ లేదు. వచ్చునప్పటి పనికి అది చాలలేదు. నేను నేడు చెప్పదలచినది ఇదియే. పడవను పోవు పయనమునకు కాదు, తిరిగివచ్చు పయనమునకు ఎంచుకొనవలెను. ఉదయము ఒడ్డున కట్టియున్నప్పుడు అన్ని పడవలును మంచివే. తడిసిన వలతో, పట్టిన చేపతో, అలసిన చేతులతో, ఎదురుగాలిలో, మసక వెలుతురులో ఏది మనలను ఇంటికి చేర్చునో దానినే పడవ అనవలెను.

అట్లని చదును పడవకు దోషములు లేవని నేననను. దాని దోషములు తెలియనివాడు దానియందును మునుగును. మొదటి దోషము గాలి. దాని ప్రక్కలు ఎత్తైనవి, అడుగు నీటిని పట్టుకొనదు. ఎదురుగాలిలో తెడ్డు వేసినను అడ్డముగా కొట్టుకొనిపోవును. లోతు తక్కువచోట గెడతో నెట్టుకొనవచ్చును గాని, గెడ అందని నీటిలో గాలిది పైచేయి. రెండవది అలలు. ముందుకొన వెడల్పుగా ఉన్నచో ప్రతి అలయు చెంపపెట్టువలె తగులును, వేగము పోవును. మూడవది మిక్కిలి ప్రమాదకరమైనది. చదును పడవ కొంతవరకు కదలనే కదలదు. అందుచేత మనిషికి ధైర్యము హద్దు మీరును. అంచు నీటిని తాకిన తరువాత మాత్రము హఠాత్తుగా తిరుగబడును. కయాకు మొదటినుండియు ఊగుచు, జాగ్రత్త అని చెప్పుచుండును. చదును పడవ చివరి క్షణమువరకు ఏమియు చెప్పదు. నాలుగవది అడుగున నిలిచిన నీరు. వెడల్పైన అడుగున నాలుగు వ్రేళ్ళ నీరు చేరినచో, పడవ ఏ కొంచెము ఒరిగినను ఆ నీరంతయు ఆ ప్రక్కకే పరుగెత్తి ఇంకను ఒరుగజేయును. కావున నీరు తోడు డబ్బాను త్రాటితో పడవకు కట్టియుంచవలెను. తోడుట రేపటికి వాయిదా వేయరాదు.

కయాకు సుగుణములు కూడ న్యాయముగా చెప్పవలెను. ఒక్కడు భుజముమీదనో, చిన్న చక్రముల బండిపైనో తీసికొనిపోవచ్చును. రేవు లేనిచోటను దింపవచ్చును. సన్ననిది గనుక తెడ్డువేసిన శ్రమ వృథా కాదు. గాలికి తక్కువ లొంగును. గుర్రపుడెక్క నడుమ సందుచేసికొని పోవును. చెక్క నానదు, చెద పట్టదు, ఏటేటా తారు పూయ నక్కరలేదు. కాని కాళ్ళు చాచి గంటలకొలది కూర్చుండవలెను. మనిషి తడియుట తప్పదు. చేప ఉంచుటకు చోటు తక్కువ. ప్లాస్టిక్కు పగిలినచో మన వడ్రంగి బాగుచేయలేడు.

ఈ గుణదోషములన్నియు విన్న తరువాత కొనదలచినవాడు తన్ను తాను నాలుగు ప్రశ్నలు అడిగికొనవలెను.

మొదటిది, నా నీరు ఎట్టిది? కదలని చెరువా, ప్రవాహమున్న కాలువయా, గాలికి తెరచియున్న సరస్సా? కొల్లేరు లోతు తక్కువది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని ఉప్పుటేరు సముద్రమునకు చేర్చును. వానకాలమున ఆ నీరు ఒక్కమారుగా పెరుగును. లోతు తక్కువ కదా అని నిర్లక్ష్యము తగదు. బురద ఎట్టిదో ఇదివరకే చెప్పితిని.

రెండవది, నా పని ఎట్టిది? గాలము వేయుటయా, వల లాగుటయా, మేతసంచులు మోయుటయా? గాలమునకు కూర్చున్న చోటు చాలును. వలకు నిలుచుచోటు కావలెను. మోతకు వెడల్పు కావలెను.

మూడవది, నాతో ఎవరు వత్తురు? ఒంటరిగా పోవుదునా, తమ్ముడో, భార్యయో తోడు వత్తురా? పడవ కొన్ననాడు ఒంటరి అయినవాడు మరుసటి యేడు ఒంటరి కాకపోవచ్చును.

నాలుగవది, పడిపోయినచో మరల ఎక్కగలనా? ఈ ప్రశ్న ఎవరును అడుగరు. అడుగవలసినది ఇదియే. పైన కూర్చుండు కయాకు నీరు నింపుకొనదు. నేర్చినవాడు ప్రక్కనుండి కడుపుమీద ప్రాకి ఎక్కగలడు. నేర్వనివాడు దానిని మరల మరల బోర్లించుకొనును. చదును పడవ నిండినచో దానిని తోడుట నీటిలోనున్నవానికి అసాధ్యము. కావున దాని పీటల క్రింద గాలి దూరని ఖాళీ డబ్బాలనో, థర్మోకోలు దిమ్మలనో గట్టిగా బిగింపవలెను. అప్పుడు నిండినను మునుగదు, పట్టుకొని నిలువవచ్చును. ఏ పడవయైనను, కొన్న మరునాడే నడుములోతు నీటిలో, ఒడ్డున ఇద్దరు చూచుచుండగా, కావలెనని బోర్లించి ఎక్కుట అభ్యసింపవలెను.

ఇప్పుడు ఆ యువకునికి సమాధానము. బాబూ, నీవు గాలముతో వినోదమునకు పోవువాడవు కావు. నీది వలవేట. నీ తమ్ముడు తోడు వచ్చును. నీవు తెచ్చినది సంతకు చేరవలెను. వేట లేని రోజులలో చెరువులమీద మేతకూలికి పడవతోసహా పోయినచో రోజుకూలి పెరుగును. కావున నీవు చదును పడవనే చేయించుకొనుము. పొడవు 4 మీటర్లకు తగ్గనీయకుము. అడుగు వెడల్పు 1.1 మీటర్లు, పైన అంచులవద్ద ఇంకను కొంచెము విప్పారునట్లు ఉండవలెను. ప్రక్కల ఎత్తు 45 సెంటీమీటర్లు ఉండనిమ్ము. ముందుకొన కొంచెము పైకి లేచి సన్నగిలినచో అల మెత్తగా తగులును. అడుగున నిలువునా ఒక సన్నని పట్టె కొట్టించినచో గాలికి అడ్డముగా జారుట తగ్గును. పడవలు చేసి పేరున్న వడ్రంగిచేత చేయింపుము. నాలుగు డబ్బులు తగ్గునని గుమ్మములు, కిటికీలు చేయువానికి ఇయ్యకుము.

కయాకు ఎవరికి తగును? ప్రశాంతమైన కాలువలోనో, చిన్న జలాశయములోనో ఒంటరిగా గాలము వేయువానికి, అనుమతి ఉన్నచోట పక్షులను చూడబోవు విద్యార్థికి, చెరువుగట్లు చుట్టివచ్చు కాపలాదారునికి అది ఉత్తమము. ఈతయు, ఎక్కుటయు నేర్చిన తరువాతనే. పెద్ద అలలున్న సముద్రమునకు, వరదనీటికి మాత్రము ఈ రెండును పనికిరావు. ఆనాడు ఒడ్డున కూర్చుండి వల బాగుచేసికొనువాడే మంచి వేటగాడు.

ఇరువురికిని వర్తించు నియమములు కొన్ని చెప్పి ముగించెదను. లైఫ్ జాకెట్టును పడవలో మడిచి పెట్టుకొనుట కాదు, ఒంటికి తొడుగవలెను. ఈత వచ్చినవానికి అది అక్కరలేదనుట తప్పు. వల చుట్టుకొన్న కాలికి ఈత రాదు. ప్రవాహములో లంగరును ముందుకొననుండియే వేయవలెను. ప్రక్కనుండి వేసినచో ప్రవాహమే పడవను ఒరుగజేయును, వెనుకనుండి వేసినచో నీరు వెనుక అంచు దాటి లోనికి వచ్చును. ఒకే ప్రక్కకు ఇద్దరు వంగరాదు. కత్తి మొలకు కట్టియుండవలెను. ఎక్కడికి పోవుచున్నది, ఎప్పుడు వచ్చునది ఇంటిలో ఒకరికి చెప్పి పోవలెను. నా ప్రాణము నిలిచినది ఆ కత్తి వలననే అని మరువకుడు.

చివరిగా ఒక మాట. మన తాతలు దోనెయా, చదును పడవయా అను ప్రశ్నకు మూడవ సమాధానము కూడ కనుగొనిరి. రెండు దోనెలను ప్రక్క ప్రక్కన చేర్చి, అడ్డకర్రలతో బిగించి కట్టెడివారు. విడివిడిగా ఊగు దోనెలు రెండును కలిసినచో మనుషులు, ధాన్యపు బస్తాలు ఎక్కినను చలింపవు. దానికి సంగడి అని పేరు. క్రీస్తు తరువాత మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన సముద్రయాన గ్రంథమున, మన దక్షిణదేశపు తీరమున దుంగపడవలు జతగట్టి చేసిన సంగర అను పడవలు కలవని వ్రాసియున్నాడు. అంత పాతది ఆ ఉపాయము. తెలుగున సంగడి అన్నను, సంగడీడు అన్నను స్నేహమే, స్నేహితుడే. ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క పడవ కొనలేనిచోట రెండు కుటుంబములు కలిసి ఒక మంచి పడవ చేయించుకొనవచ్చును. యువకులు ఈ సంగతి యోచింపవలెను. ఒకరికొకరు కేకవేసిన వినబడునంత దూరములో వేటాడినచో, విడి పడవలు కూడ సంగడివంటివే యగును. ఆనాడు మా మామ కేక విని వచ్చిన ఆ దోనెవాని పేరు నేను ఎరుగను. కాని ప్రతి ఆశ్వయుజమునందును అతనిని తలచుకొందును.

మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా నిలిచినదన్న, చందా రూపాయి చిన్నదైనను పదిమంది కట్టుట వలననే. ఇచ్చట ఒక పుస్తకము చదివి ఒక యువకుడు తన పడవ ఎంత బరువునకు ఎంత దిగునో గట్టుమీదనే లెక్కించుకొనగలిగినచో, ఆ చందా ఊరకపోలేదు. ఆ తల్లి చెవిదుద్దులు త్వరలో ఆమె చెవులకు చేరవలెను. అంతకంటె ముందు ఆమె కుమారుడు ప్రతిదినము దీపములవేళకు ఇల్లు చేరవలెను. ఈ రెండును నెరవేరవలెనని కోరుచున్నాను.